ఇష్యూ రిజిస్టర్

పగలు నేను సొహార్ పోర్టు వెనక యార్డులో స్టోర్ కీపర్ని.
హెల్మెట్ ఒకటి, బూట్లు ఒక జత, గ్లౌజులు రెండు జతలు,
సంతకం పెట్టు, వేలిముద్రైనా సరే.
మా మేనమామ కొడుకొచ్చి అడిగినా మూడో జత లేదు.

శుక్రవారం రాత్రి మాత్రం కథ నడిపేవాణ్ణి.
పన్నెండో నంబరు గదిలో, రెండు మంచాల మధ్య
నూనె డబ్బాల అట్టపెట్టె బోర్లించి
దానిమీద స్కెచ్ పెన్నుతో గీసిన కొండకోట.
పాచిక మస్తాన్‌వలి ఆకురాయితో రెండు నెలలు రుద్ది చేసింది:
ఇత్తడి తునక, ఇరవై ముఖాలు.
పద్నాలుగు కాస్త ఎక్కువ పడుతుంది.
ఆ సంగతి అందరికీ తెలుసు, అందుకే ఎవరికీ బాధ లేదు.

మొదటి రాత్రి ఎవరేం పట్టుకుని బయల్దేరాలో
నోటితోనే చెప్పేశాను.
యేసుపాదానికి గుర్రం, జీను, ఇనుప కవచం.
మేమిద్దరం ఒకే గిన్నెలో వండుకుంటాం,
వాడికి కాక ఎవరికిస్తాను?
లచ్చిరాంకి విల్లు. మస్తాన్‌కి మందుల సంచి.
మూడు నెలలకి నిర్మల్ నుంచి భూమేశ్ దిగాడు.
"నీకో చేతికర్ర, ఓ నీళ్ల తిత్తి.
మిగతాది ఆడి సంపాదించుకో" అన్నాను.
ఆ మాటలో నాకేం తప్పు కనబళ్లేదు.
కష్టపడితే పైకొస్తారని మా సూపర్‌వైజరూ అంటాడు.

భూమేశ్ మొదటి కందకంలోనే చచ్చిపోయాడు.
మరుసటి శుక్రవారం వేరే పేరుతో వచ్చి
తోడేలు నోట పడ్డాడు.
గుర్రం మీదున్నవాడు వెనక్కి తిరిగి చూసేసరికి
వాడు లేచిపోయి చాయ్ గ్లాసులు కడుగుతున్నాడు.

మూడోసారి పాచిక పట్టుకున్నాడు గానీ వెయ్యలేదు.
"అన్నా, ఈడ గూడ ముంగట చెప్పరా?"

అంతే అన్నాడు.
ఏజెంటు ఏసీ మెకానిక్ అని చెప్పి ఎక్కించాడనీ
దిగిన మర్నాడే చేతికి తట్టా పారా వచ్చాయనీ
గదిలో అందరికీ తెలుసు.
కుక్కర్ మూడో కూత వేసింది. ఎవరూ లేవలేదు.

స్టోర్ తాళం తీసి ఓ పాత రిజిస్టర్ తెచ్చాను.
తలా వంద వరహాలు.
కత్తి ముప్పై, తాడు ఐదు, లాంతరు ఎనిమిది, గుర్రం డెబ్బై ఐదు.
ఆలస్యంగా చేరినవాడికీ అదే వంద;
ఆ రోజుకి మిగతావాళ్లు ఏ మెట్టు మీదుంటే ఆ మెట్టు.
రాసి, చదివి వినిపించి, సంతకాలు పెట్టమన్నాను.

యేసుపాదం పెట్టలేదు.
"పన్నెండు వారాలు దెబ్బలు తిన్నాను.
ఇప్పుడు లెక్కలేంటి?"
వాడిదీ నిజమే. వెండి గొడ్డలి వాడు గుహలో గెలిచింది.
గుర్రం నేనిచ్చింది.
ఇచ్చినదాన్నీ గెలిచినదాన్నీ ఒకే వరసలో కలిపేసింది నేను,
వాడు కాదు.
నిలువుగా గీత గీశాను. గొడ్డలి జోలికి ఎవరూ పోలేదు.
వాడు కవచం వదిలేసి గుర్రాన్ని ఉంచుకున్నాడు.
దానికి వాళ్ల లంకలో పడవ పేరు పెట్టుకున్నాడట,
అప్పుడే తెలిసింది.
రెండు రోజులు నాతో కలిసి తినలేదు.

భూమేశ్ ధరలన్నీ వేలు పెట్టి చదివాడు.
తాడు. లాంతరు. పన్నెండు పెట్టి తోలు చెప్పులు.
ఆఖర్న చేతికర్ర, రెండు వరహాలు.
"అది నీకు ఊరికే వచ్చింది కదరా?" అన్నాడు లచ్చిరాం.
"ఇప్పుడు కొనుక్కుంటున్న."
మిగిలిన డెబ్బై మూడూ మొలలో దోపుకున్నాడు.

ఆ రాత్రి కూడా కందకంలో పడ్డాడు.
పద్నాలుగు కావాలి, పదమూడు పడింది.
తాడు పైకి విసిరాడు.
యేసుపాదం మొహం అటు తిప్పుకునే
దాన్ని గుర్రానికి కట్టి లాగాడు.

మర్నాడు పొద్దున స్టోర్ కిటికీ దగ్గరికొచ్చాడు భూమేశ్.
వాడి పాదం తొమ్మిది. నా దగ్గరున్నవి ఏడు, పదకొండు.
రిజిస్టర్లో వాడి పేరుకెదురుగా బూట్ల గడి ఖాళీ.
మూడుసార్లు ఇండెంట్ పెట్టాను.
"ఎప్పుడొస్తయ్?"
తెలీదని చెప్పాను.
మొన్నటిదాకా రేపని చెప్పేవాణ్ణి.